గట్టు జరిపిన కన్ను: 1963 పిల్లి కూనల ప్రయోగం వెనక కథ

అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ ల్యాబ్‌లో కోతి పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి ప్రయోగాలు చేశారన్న గొడవ లేచినప్పుడల్లా వాదన తిరిగి తిరిగి 1963 దగ్గరికే వస్తుంది. అక్కడి మెదడు శాస్త్రవేత్తలు డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీసెల్ పిల్లి కూనల కళ్లు కుట్టేశారని ఒక వర్గం, ఆ పని చేయబట్టే ఎంతోమంది పిల్లల చూపు నిలిచిందని ఇంకో వర్గం. గాజు స్లయిడ్ అంచు నీడకి పిల్లి మెదడులో కణం టపటపలాడిన కథ, వాళ్లకి వచ్చిన 1981 నోబెల్... ఇవి అందరూ రాసేశారు, వదిలేస్తున్నా.

అప్పట్లో కంటి డాక్టర్లకి ఒకటి అంతుపట్టేది కాదు. పెద్దవాళ్లకి శుక్లం తీస్తే చూపు వచ్చేస్తుంది. పుట్టుకతోనే శుక్లం ఉన్న పిల్లలకి కొన్నేళ్లాగి తీస్తే మాత్రం, కన్ను శుభ్రంగా ఉన్నా సరిగా కనపడదు. మరి లోపం ఎక్కడ? దీన్ని తేల్చడానికే వాళ్లు పిల్లి కూనలకి ఒక కనురెప్ప కుట్టి, రెండు మూడు నెలల తర్వాత విప్పారు. రెటీనా (కంటి లోపలి తెర) బాగానే ఉంది. కానీ మెదడులో చూపు చేరే చోట 84 కణాలు పరీక్షిస్తే, మూసిన కంటికి స్పందించింది ఒక్కటంటే ఒక్కటి. మామూలు పిల్లిలో అయితే ఐదింట నాలుగు వంతుల కణాలు రెండు కళ్లకీ పలుకుతాయి. ఇదే పని పెద్ద పిల్లికి చేస్తే ఏమీ కాలేదు.

నా లెక్కలో అసలు మలుపు దీని తర్వాత, 1965లో. రెండు కళ్లూ కుట్టేస్తే నష్టం రెట్టింపు అవ్వాలి కదా? అవ్వలేదు, సగానికి పైగా కణాలు ఎంతోకొంత స్పందించాయి. అంటే కన్ను వాడకపోవడం ఒక్కటే కాదు, రెండో కన్ను దాని చోటుని ఆక్రమించేస్తోంది, అన్నదమ్ముల్లో ఒకడు ఊళ్లో లేకపోతే పొలం గట్టు మెల్లగా జరిగినట్టు. ఒక్క కంటికే శుక్లం ఉన్న పాపాయి గురించి ఎందుకంత కంగారో దీంతోనే అర్థమైంది. "కాస్త పెద్దయ్యాక చూద్దాం" అనే పద్ధతి పోయి, అలాంటి కంటికి ఆరు వారాల లోపే ఆపరేషన్ చేస్తే మంచిదనే దాకా వచ్చింది. మన దగ్గర 2013లో మొదలైన, పిల్లల జబ్బుల్ని ముందే కనిపెట్టే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పసిపిల్లల శుక్లం కూడా ఉంది. (మెల్లకన్ను వల్ల కూడా ఒక కంటి చూపు ఇలాగే వెనకబడొచ్చు. ఇళ్లల్లో మాత్రం ఇంకా "మెల్లకన్ను అదృష్టంలే, అదే సర్దుకుంటుంది" అనే వాళ్లున్నారు.)

జంతు ప్రయోగాలు వద్దనేవాళ్లు బఫాన్‌ని గుర్తుచేస్తారు. మెల్లకన్నుకి పని చెప్పడానికి మంచి కంటికి గంత కట్టమని ఆ ఫ్రెంచి శాస్త్రవేత్త 1743లోనే చెప్పాడు, దానికి ఏ పిల్లినీ కుట్టక్కర్లేకపోయింది. నిజమే. కాకపోతే మెదడులో ఏం జరుగుతోందో, ఎందుకంత తొందరో ఆయన చెప్పలేదు.

ఆ ప్రయోగం వల్ల ఒక చెడు కూడా జరిగింది, సమర్థించేవాళ్లు దాని ఊసెత్తరు. ఇలా కన్ను మూస్తే మెదడు మారిపోయే సున్నితమైన కాలం పిల్లిలో మూడో నెలాఖరుకి ముగుస్తుంది. మనుషుల దగ్గరికొచ్చేసరికి అది "ఏడెనిమిదేళ్లు దాటితే ఇక లాభం లేదు" అనే రూలైపోయింది. కానీ 2005లో అమెరికాలో ఒక కన్ను మందగించిన 507 మంది పిల్లలపై జరిగిన అధ్యయనంలో ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్లలో కూడా సగం మందికి పైగా చికిత్సకి మెరుగయ్యారు. మన దేశంలో, పుట్టినప్పటి నుంచీ చూపు లేక 8 నుంచి 17 ఏళ్ల వయసులో ఆపరేషన్ అయిన ఐదుగురిని అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్త పవన్ సిన్హా బృందం పరీక్షించింది. చేత్తో తడిమిన వస్తువు ఏదో కంటితో చూసి మొదట పోల్చుకోలేకపోయారు, కొద్దిరోజుల్లోనే ఆ తేడా చాలావరకు తగ్గింది. ఫలితాలు 2011లో వచ్చాయి.

ఇక హార్వర్డ్. అక్కడి మెదడు శాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ హ్యూబెల్‌తో ఏళ్లపాటు కలిసి పనిచేశారు. పిల్ల దూరమైన తల్లి కోతులు మెత్తటి బొమ్మల్ని హత్తుకున్నాయని 2022లో ఆమె వ్యాసం రాయగానే, దాన్ని వెనక్కి తీసుకోమని 250 మందికి పైగా శాస్త్రవేత్తలు లేఖ రాశారు. దాంతో పాత పనులన్నీ బయటికొచ్చాయి. ముఖాలే కనపడకుండా కోతి పిల్లల్ని పెంచడం, సంరక్షకులు వెల్డింగ్ మాస్కులు పెట్టుకోవడం, ఇవి ఆ ల్యాబ్ 2017లో ప్రచురించిన పనిలోవే. ముఖాలు గుర్తుపట్టే భాగం మెదడులో ఎలా ఏర్పడుతుందన్నది అక్కడి ప్రశ్న. అది చిన్న ప్రశ్నేం కాదు. కానీ 1963లో డాక్టర్ల ఎదురుగా చూపు రాని పిల్లలు కూర్చుని ఉన్నారు, ఈ ప్రశ్న కోసం అలా ఎదురుచూస్తున్న రోగి ఎవరో నాకైతే కనపడలేదు.