చీకటి పడితే వినిపించే పాటలు

చి. చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

"పాట పేరు తెలీకపోతే మీ చిన్నప్పుడు ఏం చేసేవాళ్లు?" అని మొన్న ఫోన్లో అడిగావు. ఏమీ చేసేవాళ్లం కాదమ్మా. రేపు మళ్లీ వేస్తాడేమోనని కూర్చునేవాళ్లం. నువ్వు నవ్వావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో అయితే నన్ను మధ్యలో ఆపలేవు.

మా ఇంట్లో వాల్వుల రేడియో ఉండేది, వాల్వులంటే లోపలి గాజు గొట్టాలు. స్విచ్ వేయగానే పలికేది కాదు, వాల్వులు వేడెక్కాలి. డయల్ మీద ముందు దీపం వెలిగేది, కాసేపటికి స్టేషన్ ఎంత బాగా దొరికిందో చూపే పచ్చటి దీపం, మ్యాజిక్ ఐ, కన్నులా తెరుచుకునేది. స్టేషన్ సరిగ్గా దొరికితే ఆ కంట్లో నల్లటి చీలిక సన్నబడేది. పగలు మీడియం వేవ్ అనే రేడియో తరంగాల్లో దగ్గరి స్టేషన్లే వచ్చేవి. చీకటి పడితే ఎక్కడెక్కడివో దూరేవి.

ఎందుకంటావా? పెద్ద హాల్లో నువ్వో మూల, నీ నేస్తం ఇంకో మూల ఉన్నారనుకో. మధ్యలో గోడ. బంతిని పైకప్పుకేసి కొడితే గోడ దాటి అటు పడుతుంది. భూమి వంపే ఆ గోడ. రెండు మూడొందల కిలోమీటర్ల ఎత్తున, ఎండ దెబ్బకి విద్యుదావేశం ఎక్కిన పలచటి గాలి ఉంటుంది. అదే కప్పు, అయనోస్ఫియర్. పగటిపూట దాని కింద, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఎవరో దూది బొంత వేలాడదీసినట్టు ఇంకో పొర ఉంటుంది. మీడియం వేవ్ బంతి అందులో కూరుకుపోతుంది. పొద్దుగూకితే బొంత తీసేస్తారు. షార్ట్ వేవ్ అనే ఇంకో రకం తరంగాల బంతి కాస్త గట్టిది, పగలు కూడా బొంతని దూసుకుపోగలదు. ఇక ఆ కప్పు టెంటు గుడ్డలా ఊగుతూ ఉంటుంది. ఒకే పాట రెండు దారుల్లో వచ్చి ఒకదాన్నొకటి మింగేసుకుంటుంది. పాట అలలా లేచి పడేది అందుకే. బంతులు ఎక్కడైనా ఒకదాన్నొకటి మింగుతాయా అంటావు. నిజమే, ఇక్కడ నా బంతికి గాలి పోయింది. మీ సైన్స్ టీచర్ని అడుగు.

తమాషా ఏమిటంటే, ఇంట్లోవాళ్లు వద్దన్న పాటలే పక్కింటి నుంచి వచ్చాయి. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలు గిట్టవు. ఆకాశవాణిలో అవి బాగా తగ్గిపోయాయి. ఆ ఏడు డిసెంబరులోనే రేడియో సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక రేడియో, బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలుపెట్టింది. జనం అంతా అటు తిరిగారు. 1957 అక్టోబరులో మనవాళ్లూ వివిధ భారతి పెట్టారు. బీబీసీ రికార్డులు తక్కువ వేసే రోజుల్లో ఇంగ్లండ్ పిల్లలూ రాత్రిళ్లు 208 మీటర్ల తరంగం మీద పక్కదేశపు రేడియో లక్సెంబర్గ్ పట్టుకునేవాళ్లట. చివరికి బీబీసీ వాళ్లు 1967లో పాప్ పాటల కోసం రేడియో 1 తెరిచారు. పెద్దవాళ్లకి ఇలాంటివి ఆలస్యంగా తెలుస్తాయి, నాతో సహా.

ఇంగ్లీషు పాప్ నేను మొదట విన్నది సిలోన్ ఇంగ్లీషు సర్వీసులోనే. మాటలు తెలిసేవి కాదు, చెవికి తోచినట్టు తెలుగులో రాసుకునేవాణ్ణి. పేరు చెప్పే సమయానికే గరగర మొదలయ్యేది. నా నోటుబుక్కులో ఒక పేజీలో ఇలా ఉంది: "పేరు తెలీదు. మధ్యలో ఈల వేస్తాడు. 31 మీటర్లు, రాత్రి." ఆ ఈల కోసం ఒక వేసవంతా కాచుకున్నాను. నీకు అలా కాచుకోవడం రాలేదని కాదు, ఆ అవసరమే పడలేదు. ఒకసారి పడనీ.

మీడియం వేవ్ ఉన్న పాత రేడియో మీ నాన్న అటకమీద పెట్టాడు. దించమను. మధ్యాహ్నం ఒకసారి ముల్లు ఈ చివర్నించి ఆ చివరికి తిప్పి, ఎన్ని స్టేషన్లు దొరికాయో రాసుకో. రాత్రి భోజనాలయ్యాక మళ్లీ తిప్పు. ఎల్‌ఈడీ బల్బులకీ ఛార్జర్లకీ దూరంగా, డాబా మీద. నెమ్మదిగా, వెంట్రుకవాసి చొప్పున. భాష తెలీకపోయినా సరే, పాట వస్తే అక్కడ ఆగు. ఏం వినిపించిందో నాకు రాయి.

మీ తాతయ్య