కాపర్ అసిటేట్: సూత్రంలో ఒంటరి, స్ఫటికంలో జంట

కాపర్ అసిటేట్ మోనోహైడ్రేట్ సీసా మీద సాధారణంగా ఒక రాగి, రెండు అసిటేట్లు, ఒక నీటి అణువు అనే సూత్రమే ఉంటుంది. నిష్పత్తి వరకు అది సరైనదే. కానీ స్ఫటికంలో ఉండే అణువు దానికి రెట్టింపు. ఆ సంగతి మొదట చెప్పింది ఎక్స్‌రే కాదు, అయస్కాంత ధర్మాలు.

కాపర్(2+) అయాన్‌కు ఒక ఒంటరి ఎలక్ట్రాన్ ఉంటుంది కాబట్టి అయస్కాంత భ్రామకం (అయాన్ ఎంత బలమైన అయస్కాంతమో చెప్పే కొలత) కనీసం 1.73 బోర్ మాగ్నెటాన్లు రావాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ లవణానికి వచ్చేది సుమారు 1.4. చల్లబరిస్తే ఇంకా పడిపోతుందని 1951లో గుహా అనే శాస్త్రవేత్త కొలతలు చూపాయి. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో బ్లీనీ, బోవర్స్ తీసిన ఈఎస్ఆర్ (ఒంటరి ఎలక్ట్రాన్లను పసిగట్టే ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్) వర్ణపటం రెండు ఒంటరి ఎలక్ట్రాన్లున్న వ్యవస్థదిలా కనిపించింది, చల్లబరిచేకొద్దీ సన్నగిల్లింది. రాగి అయాన్లు జంటలుగా ఉన్నాయని, అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో వాటి స్పిన్‌లు (ఎలక్ట్రాన్ల అయస్కాంత దిశలు) ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయని వాళ్ళు తేల్చారు. నిర్మాణం తెలియకముందే ఇంత కచ్చితంగా చెప్పగలగడం ఈ రంగంలో అరుదు.

1953లో దక్షిణాఫ్రికాలో వాన్ నీకర్క్, షోనింగ్ ఎక్స్‌రేతో అదే చూపించారు. రెండు రాగులను నాలుగు అసిటేట్లు చుట్టూ వారధుల్లా కలుపుతాయి, రెండు కొసల్లో చెరో నీటి అణువు. రాగుల మధ్య దూరం 2.64 ఆంగ్‌స్ట్రామ్‌లు. 1973లో బ్రౌన్, తర్వాత మన అణుశక్తి కమిషన్ అధ్యక్షుడైన చిదంబరం న్యూట్రాన్ వివర్తనంతో మళ్ళీ కొలిచారు: దూరం 2.61కి దగ్గరగా తేలింది, ఎక్స్‌రేకు సరిగా అందని హైడ్రోజన్ల స్థానాలూ దొరికాయి. లోహపు రాగిలోనే ఈ దూరం 2.56. అయినా దగ్గరగా ఉన్నంత మాత్రాన బంధం ఉన్నట్టు కాదు. ఇక్కడ స్పిన్‌ల కలయిక ప్రధానంగా కార్బాక్సిలేట్ వారధుల (ఆ అసిటేట్ల) గుండానే జరుగుతుంది.

క్రోమియం(2+) అసిటేట్ విషయంలో ఇదే ఆలోచన తికమక పెట్టింది. 1953 నాటి కొలతలో దానికీ 2.64 వచ్చింది, అందుకే బంధం బలహీనమనుకున్నారు. 1970లో అమెరికా రసాయన శాస్త్రవేత్త కాటన్ బృందం తిరిగి కొలిస్తే 2.36 అని తేలింది. అది చతుర్బంధం, అంటే నాలుగు ఎలక్ట్రాన్ జంటలతో ఏర్పడే బంధం.

కాపర్ అసిటేట్‌ను తయారు చేయడం తేలికే. 5 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్) 50 మి.లీ. నీటిలో కరిగించి, 2.5 గ్రాముల నిర్జల సోడియం కార్బొనేట్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోయాలి. ఒక్కసారి పోస్తే నురగ పొంగుతుంది. ఈ దశలో బాగా కాచకూడదు, అడుగున చేరే కాపర్ కార్బొనేట్ అవక్షేపం నల్లటి ఆక్సైడ్ అవుతుంది. వడకట్టి, కడిగిన నీటికి బేరియం క్లోరైడ్ చుక్క వేస్తే తెల్లబడడం ఆగేదాకా కడగాలి. లేకుంటే మిగిలిన సల్ఫేట్ స్ఫటికాల్లో కలుస్తుంది. తర్వాత 50 మి.లీ. 10% ఎసిటిక్ ఆమ్లంలో వేడిగా కరిగించి, వడకట్టి, మరిగించి కొంత ఇగిర్చి, నెమ్మదిగా చల్లార్చాలి. ఆమ్లం కావాలనే రెట్టింపు వాడతాం. అది తగ్గితే మరిగించేటప్పుడు క్షార అసిటేట్ ఏర్పడి ద్రావణం మసకబారుతుంది. ముదురు నీలి-ఆకుపచ్చ స్ఫటికాలు గరిష్ఠంగా 4 గ్రాములు రావచ్చు. ఓవెన్‌లో పెడితే నీరు పోతుంది కనుక గాలికే ఆరనివ్వాలి.

కొసల్లోని ఆ నీటికే తర్వాత పెద్ద విలువ వచ్చింది. 1999లో హాంకాంగ్‌లో ఇదే రాగి జంటను, అసిటేట్ల బదులు మూడు కార్బాక్సిలేట్ చేతులున్న ట్రైమెసిక్ ఆమ్లంతో అల్లి హెచ్‌కస్ట్-1 అనే రంధ్రాల జాలకం చేశారు. వాక్యూమ్‌లో వేడి చేస్తే కొసల నీరు పోయి రాగి ఖాళీ అవుతుంది, లేత నీలం రంగు ముదురు ఊదా-నీలంగా మారుతుంది. కొన్ని వాయువులను గట్టిగా పట్టుకునేది ఆ ఖాళీ చోట్లే. తేమ తగిలితే రంగు మళ్ళీ లేతబడుతుంది, కాబట్టి శోషణ (ఎంత వాయువు పట్టుకుందో) కొలిచే ముందు ఆ రంగు చూసుకోవాలి.