ఉద్యోగం మానేస్తే నవల పూర్తవుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"సార్, రాజీనామా ఉత్తరం టైప్ చేసి పెట్టుకున్నాను. సోమవారం ఇచ్చేస్తా. ఇక పూర్తిగా రాతకే."

పోయిన నెల ఒకతను ఫోన్లో అన్న మాటలివి. వయసు 34. అతని నవల అరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయి రెండేళ్లయింది. ఇలాంటి ఫోన్లు నాకు నెలకు రెండు మూడైనా వస్తాయి. నేను 22 ఏళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. ఆ ఉద్యోగం చేస్తూనే రెండు నవలలు, 40కి పైగా కథలు రాశాను. సెలవు రోజుల్లో కొత్తగా రాసేవాళ్లతో కూర్చుని వాళ్ల డ్రాఫ్టులు చదువుతుంటాను. వాళ్లలో ఎక్కువమందిని ఏళ్ల తరబడి ఆపేస్తున్న నమ్మకం ఒక్కటే. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: నవల రాయాలంటే పెద్ద తీరిక కావాలి. పూటకి అరగంట దొరికితే ఏం రాస్తాం?

ఈ మాట నమ్మినవాళ్లు రెండు దారుల్లో వెళ్తారు. కొందరు తీరిక కోసం ఎదురుచూస్తారు. ఈ ప్రాజెక్టు అయ్యాక, పిల్లల పరీక్షలయ్యాక, ప్రమోషన్ వచ్చాక. అలా పదేళ్లు గడిచిపోయి, నవల అటకెక్కిపోయినవాళ్లు నాకు తెలుసు. ఇంకొందరు ఆ తీరికను కొనుక్కోవడానికి ఉద్యోగానికే నీళ్లొదిలేస్తారు. ఇద్దరూ నష్టపోయేది ఈ ఒక్క అపోహ వల్లే.

నేనూ నమ్మినవాణ్ణే. మొదటి నవల కోసం మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టాను. రోజంతా నాదే, ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు. మొదటి వారం బల్ల ముందు కూర్చుని రాసింది కొట్టేస్తూనే ఉన్నాను. రాసిన ప్రతి వాక్యాన్నీ "దీనికోసమేనా జీతం వదులుకున్నది?" అని చూసుకునేవాణ్ణి. ఆ టెన్షన్‌లో పాత్రలు నోరు విప్పలేదు. సెలవు అయిపోయేసరికి చేతిలో ఉన్నవి 11 పేజీలు. వాటిలో పుస్తకంలో మిగిలినవి నాలుగు. మళ్లీ ఉద్యోగంలో చేరాక, రోజూ ఆఫీసు అయ్యాక ఇంటికి బయల్దేరే ముందు 35 నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టాను. 14 నెలలకు డ్రాఫ్టు పూర్తయింది.

ఇందులో మాయ ఏమీ లేదు, లెక్క చూడండి. పూటకి 250 మాటలు, వారానికి ఐదు రోజులు, ఏడాదిలో 50 వారాలు. మొత్తం 62,500 మాటలు. అదొక నవల మొదటి డ్రాఫ్టు. 250 మాటలంటే చేతిరాతలో పేజీ, పేజీన్నర.

"లెక్క బాగానే ఉంది సార్, కూర్చుంటే రావడం లేదు" అంటారు. అదీ నిజమే. అయితే అక్కడ అడ్డం పడుతున్నది గంటలు చాలకపోవడం కాదు, దారం తెగిపోవడం. పన్నెండు రోజుల తర్వాత ఫైల్ తెరిస్తే ఆ గదిలో ఎవరున్నారో, ఎవరికి ఎవరిమీద కోపమో మళ్లీ గుర్తు చేసుకోవాలి. ఉన్న అరగంటా దానికే పోతుంది. అందుకని "అరగంట చాలదు" అనిపిస్తుంది. దారం తెగకుండా చూసుకుంటే అదే అరగంటలో 25 నిమిషాలు రాతకే మిగులుతాయి.

దీనికి నేను చేసే పని చిన్నది. లేచే ముందు చివరి రెండు నిమిషాలు రాయడం ఆపేసి, రేపటి కోసం ఒక చీటీ రాసుకుంటాను. చీటీ ఎలా రాశామన్నది ముఖ్యం. "ఏడో అధ్యాయం కొనసాగించాలి" అని రాసుకుంటే మర్నాడు అది దేనికీ పనికిరాదు. నా నోటుబుక్‌లో ఉన్న ఒక చీటీ ఇది: "ఆమె తలుపు తీయదు. కిటికీలోంచే మాట్లాడుతుంది. అతని చేతిలో కవరు ఇంకా అలాగే ఉంది. మొదటి మాట ఆమెదే." మర్నాడు సాయంత్రం, ఆరోజు లెక్కల్లో ఎంత తలనొప్పి పడినా సరే, ఈ నాలుగు ముక్కలు చదివితే చాలు, కిటికీ దగ్గరికి వెళ్లిపోతాను. ఆమె ఏం అంటుందో వినిపిస్తుంది. ఇంకో సంగతి, సన్నివేశం పూర్తిచేసి లేవకండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటే, మధ్యలో, ఆపి లేవండి. పూర్తిచేసి లేచామంటే మర్నాడు ఖాళీ పేజీయే ఎదురవుతుంది.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసు ఉద్యోగి. 1834 నుంచి 1867 దాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. పొద్దున ఐదున్నరకల్లా బల్ల దగ్గరుండేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. జీవితం మొత్తంమీద 47 నవలలు రాశాడు. అందరూ ఆ గడియారం సంగతే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన ఆత్మకథలో ఇంకో మాట పట్టుకుంది: కలం పట్టేముందు అరగంట సేపు నిన్న రాసింది చదువుకునేవాడట. ఉన్న మూడు గంటల్లో అరగంట దారం ముడేసుకోవడానికే ఇచ్చేవాడు!

జర్మన్ భాషా రచయిత కాఫ్కా పేరు చెప్పి నాతో వాదించేవాళ్లూ ఉన్నారు. కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి ఆయన. 1912 సెప్టెంబర్ 22 రాత్రి పదింటికి కూర్చుని మర్నాడు పొద్దున ఆరింటికల్లా ఒక కథ మొత్తం రాసేశాడు. అలాంటి రాత్రి దొరకాలని ఎవరికుండదు? కానీ అది కథ. అదే మనిషి మొదలుపెట్టిన నవలలు మూడూ అసంపూర్తిగానే మిగిలిపోయాయి. కారణాలు ఎన్నో, అనారోగ్యం కూడా వాటిలో ఒకటి. నేను చెప్పేదల్లా, ఒక్క బిగిన కూర్చోవడం కథకు కుదరొచ్చు, నవలకు అదే పద్ధతి అనుకుని కూర్చుంటే మాత్రం ఆ రాత్రి కోసం ఎదురుచూడటమే మిగులుతుంది.

అంటే ఉద్యోగం ఎప్పుడూ మానకూడదా? అలా నేననను. ఆ ఉద్యోగం ఆరోగ్యాన్ని పాడుచేస్తుంటే మానేయండి, ఆ కారణంతోనే మానేయండి. దాన్ని నవల నెత్తిన పెట్టకండి. చేతిలో పూర్తయిన డ్రాఫ్టు ఉండి, ఏడాది ఇల్లు గడిచే డబ్బుండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని వెళ్తామంటే అది వేరు. ఆగిపోయిన నవలను కదిలించడానికి రాజీనామా మందు కాదు. ఉద్యోగంలో ఉండగా రోజుకు 20 నిమిషాలు కూర్చోలేకపోతున్నవాళ్లు, ఖాళీగా ఉంటే ఎనిమిది గంటలు కూర్చుంటారని నమ్మడానికి నా దగ్గర ఆధారం లేదు. నా మూడు నెలల సెలవే సాక్ష్యం.

ఫోన్ చేసినతనికి ఇదంతా చెప్పలేదు. మూడు వారాలు ఉత్తరం ఆపమన్నాను. రోజూ 20 నిమిషాలు, చివర చీటీ. అంతే. మొదటి వారం రాలేదన్నాడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. "నాలో విషయం లేదేమో సార్" అన్నాడు. రెండేళ్లు మూతపడిన తలుపు నాలుగు రోజుల్లో తెరుచుకోదు, కంగారు పడొద్దన్నాను. మొన్న అరవై ఏడో పేజీ పంపించాడు.

ఇక మిగతా అపోహలు. వీటికి ఇంత సేపు అక్కర్లేదు.

ఉద్యోగం చేసేవాడు "నిజమైన రచయిత" కాడట. పాలగుమ్మి పద్మరాజు సైన్స్ లెక్చరర్‌గా పనిచేశారు. 1952లో ప్రపంచ కథల పోటీలో ఆయన కథకు రెండో బహుమతి వచ్చింది. కాళీపట్నం రామారావు బడి పంతులు. రావిశాస్త్రి వకీలు, కోర్టు ఆయనకు ఎన్ని పాత్రలనిచ్చిందో చదివినవాళ్లకు తెలుసు. రష్యన్ కథకుడు చెహోవ్ డాక్టరు. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ఇకనైనా ఆపేయాలి.

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే రాత వస్తుందట. నిద్ర చాలని మనిషి రాసింది మధ్యాహ్నం చదువుకుంటే తెలుస్తుంది ఎలా ఉందో. నేను ఆర్నెల్లు ప్రయత్నించాను. ఆ ఆర్నెల్లలో ఆఫీసులో ఒకే తప్పు రెండుసార్లు చేశాను, రాసిన కథలన్నీ తిరగరాయాల్సి వచ్చింది. మీకు తల తేటగా ఉండే వేళ ఏదో రెండు వారాలు గమనించుకోండి. అది మధ్యాహ్నం భోజన విరామం కూడా కావచ్చు.

ఒక్కరోజు తప్పినా అంతా పోయినట్టేనట. కాదు. ఒకరోజు తప్పితే చీటీ కాపాడుతుంది. నాలుగు రోజులు దాటితే కష్టం. ఇంట్లో జబ్బుపడ్డవాళ్లున్నా, పసిపిల్లలున్నా, ఆఫీసు పనిమీద ఇంటిపని కూడా ఒక్కరి నెత్తినే పడినా వారానికి రెండు పూటలే దొరకొచ్చు. అది క్రమశిక్షణ లేకపోవడం కాదు. అలాంటి ఆడవాళ్లు నా దగ్గరకొచ్చి క్షమాపణ చెప్పినట్టు మాట్లాడుతుంటే బాధేస్తుంది. రెండు పూటలతోనే కథలు పూర్తిచేసినవాళ్లు వాళ్లలోనే ఉన్నారు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసుకుంటే ఏం కాదట. రాయకండి. ఉద్యోగ ఒప్పందంలో మీరు సృష్టించిన దానిమీద హక్కుల గురించి, బయటి పనుల గురించి ఏముందో ఒకసారి చదవండి. అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఉద్యోగం పోయిన రోజున ఆ మిషన్‌తో పాటు మీ డ్రాఫ్టూ పోతుంది. ఒకావిడకు సరిగ్గా అలాగే 90 పేజీలు పోయాయి.

ఆఖరిది, అలసిపోయి వస్తే ఇక రాతపని సాగదన్నది. కొత్త సన్నివేశం సాగదు, ఒప్పుకుంటాను. కానీ రాత అంటే అదొక్కటే కాదు కదా. నా నోటుబుక్ వెనక పేజీలో అలసిన రోజుల కోసం వేరే జాబితా ఉంది: నిన్నటి పేజీ పైకి చదవడం, ఒకే మాట రెండుసార్లు పడినచోట్ల గీత పెట్టడం, చేతిరాతలో ఉన్నది టైప్ చేయడం, పాత్రల వయసులు ఏ అధ్యాయంలో ఎంత ఉన్నాయో సరిచూడటం. నెలాఖరు లెక్కల రోజుల్లో నేను చేసేవి ఇవే. ఆ వారం కొత్తగా ఒక్క వాక్యం రాయకపోయినా, కిటికీ దగ్గర ఆమె అలాగే నిలబడి ఉంటుంది.