ఇంగ్లీషు అల్యూజన్లు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీకి రాసే పరీక్ష), క్యాట్ (ఎంబీఏ సీట్లకు రాసే పరీక్ష) రాసే పిల్లలకు ఇంగ్లీషు చెప్తుంటాను. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. పెద్ద పెద్ద పదాలు బట్టీ పట్టి వస్తారు. కానీ ఎడిటోరియల్‌లో ‘రూబికాన్ దాటారు’ అనో ‘పిరిక్ విక్టరీ’ (గెలిచినా ఓడినంత నష్టం మిగిల్చే గెలుపు) అనో కనిపిస్తే అక్కడే ఆగిపోతారు. ఒక పాత కథనో, చరిత్రలోని ఘట్టాన్నో ఒక్క పేరుతో గుర్తుచేసే ఇలాంటి మాటల్ని అల్యూజన్లు అంటారు. వీటి గురించి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొన్ని అపోహలు పాతుకుపోయి ఉన్నాయి.

అపోహ: ఇవన్నీ లిటరేచర్ వాళ్లకు. మనకు వర్డ్ లిస్ట్ చాలు.

ఆ లిస్టులోనే ఇవి సగం దాక్కుని ఉంటాయి. ‘డ్రకోనియన్’ అంటే అతి కఠినమైన అని రాసుకుని ఊరుకుంటారు. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలో ఏథెన్స్‌కు చట్టాలు రాసిన డ్రాకో చిన్న దొంగతనానికి కూడా మరణశిక్షే పెట్టాడని చెబుతారు. ఈ ముక్క తెలిస్తే ఆ పదం మామూలు క్రమశిక్షణకు వాడేది కాదని ఇట్టే అర్థమవుతుంది.

‘లకోనిక్’ కూడా అంతే. అది స్పార్టా ఉన్న లకోనియా ప్రాంతం పేరు మీద వచ్చింది. మాసిడోనియా రాజు ఫిలిప్ ‘నేను మీ దేశంలోకి వస్తే మిమ్మల్ని నాశనం చేస్తా’ అని బెదిరిస్తే, స్పార్టా వాళ్లు ‘వస్తే’ అని ఒక్క మాటే జవాబు పంపారట. ఈ కథ విన్నవాళ్లు ఆ పదాన్ని మళ్లీ మర్చిపోవడం నేను చూడలేదు.

ఇంకో సంగతి. జీఆర్‌ఈలో ఆంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (పదాల జతల పోలికలు) ప్రశ్నలు 2011లోనే తీసేశారు. ఇప్పుడు పదం వాక్యంలోనో పాసేజ్‌లోనో వస్తుంది. రూబికాన్ ఎక్కడుందని ఎవరూ అడగరు. రచయిత మెచ్చుకుంటున్నాడా, తప్పుపడుతున్నాడా అన్నది మాత్రం పట్టుకోవాలి. ఆ ఛాయ తెలిసేది కథ వల్లే.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు గ్రీకు కథలు ఎక్కవు.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ అని, ఇంటింటికీ తాగునీటికి మిషన్ భగీరథ అని పేర్లు పెడితే మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. త్రిశంకు స్వర్గం, శల్య సారథ్యం, కుంభకర్ణుడి నిద్ర... రోజూ మాట్లాడేది అల్యూజన్లలోనే కదా! ఇంగ్లీషులో కొత్తగా నేర్చుకోవాల్సింది పేర్లు మాత్రమే.

‘అకిలీస్ హీల్’ (బలవంతుడిలో ఉన్న ఒక్క బలహీనత) చెప్పేటప్పుడు నేను దుర్యోధనుడి తొడల దగ్గర మొదలుపెడతాను. గాంధారి చూపు పడక ఆయనకు తొడలు బలహీనంగా మిగిలాయి. తల్లి స్టిక్స్ నదిలో ముంచినప్పుడు చేత్తో పట్టుకున్న మడమ తడవక గ్రీకు వీరుడు అకిలీస్‌కు అది బలహీనమైంది. తమాషా ఏంటంటే, గాంధారి చూపు కథ వ్యాస భారతంలో లేదు, స్టిక్స్‌లో ముంచిన కథ హోమర్ ఇలియడ్‌లో లేదు. రెండూ తర్వాత జనంలో నిలబడ్డవే.

అపోహ: తెలుగులో సమానమైన మాట దొరికితే పని అయిపోయినట్టే.

మంచి పిల్లలు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రూబికాన్ అనగానే ‘లక్ష్మణరేఖ సార్’ అంటారు. రెండూ దాటేవే, కానీ అర్థం వేరు. లక్ష్మణరేఖ మన మేలు కోరి ఇంకొకరు గీసిన హద్దు, దాటకూడనిది. రూబికాన్ రోమన్ సేనాని సీజర్ పాలించే గాల్ ప్రాంతానికీ ఇటలీకీ మధ్య సరిహద్దు నది. సైన్యంతో దాన్ని దాటితే రాజద్రోహం. క్రీస్తుపూర్వం 49లో అది తెలిసే దాటాడు, అంతర్యుద్ధం మొదలైంది. కాబట్టి ఒక నాయకుడు పార్టీని వదిలేసినప్పుడు ఎడిటోరియల్‌లో ‘రూబికాన్ దాటాడు’ అని రాస్తే, హద్దు మీరాడని కాదు, ఇక వెనక్కి రాలేడని.

హర్క్యులియన్, సిసిఫియన్ రెండింటికీ భగీరథ ప్రయత్నమే రాస్తారు. హెర్క్యులిస్ పన్నెండు పనులూ పూర్తిచేశాడు. భగీరథుడు గంగను తెచ్చాడు. సిసిఫస్ కొండ మీదికి తోసిన బండ మాత్రం ప్రతిసారీ కిందికి దొర్లుతూనే ఉంటుంది. ఫలితం రాని పనికి భగీరథుడి పేరు పెడితే పాసేజ్ అర్థమే తిరగబడుతుంది.

అందుకే నోట్స్‌లో తెలుగు మాట పక్కన ‘ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది’ అని ఒక లైన్ రాయమంటాను.

అపోహ: అసలు పుస్తకాలన్నీ చదివితేనే వస్తాయి.

అక్కర్లేదు. ఎవరు, ఏం చేశారు, ఏమైంది అన్నది మూడు నాలుగు వాక్యాల్లో తెలిస్తే పరీక్షకు సరిపోతుంది. తర్వాత ఇష్టం పుట్టి చదివితే అంతకంటే సంతోషం లేదు.

అపోహ: ఎన్ని వాడితే అంత ఇంప్రెషన్.

యూనివర్సిటీలకు రాసే ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) ‘నాది క్విక్సాటిక్ పట్టుదల’ అని గొప్పగా రాస్తుంటారు. డాన్ క్విక్సోట్ 1605లో వచ్చిన సెర్వాంటెస్ నవలలో గాలిమరల్ని రాక్షసులనుకుని యుద్ధానికి దిగినవాడు. అంటే ‘నావి వాస్తవానికి అందని కలలు’ అని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. ఎస్‌ఓపీలో ఒక్క అల్యూజన్ చాలు. అదీ దాని కథ మీరు ఎవరికైనా నోటితో చెప్పగలిగితేనే పెట్టండి. లేకపోతే ‘పట్టుదల’కు ఉన్న మామూలు ఇంగ్లీషు మాటే రాయండి.