పక్క పేపరుగానే మిగిలిపోయిన సైకాలజీ

సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పకూడదని యూజీసీ 2025 ఆగస్టులో యూనివర్సిటీలకు తేల్చి చెప్పింది. 2021 నాటి ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే చదువులన్నిటికీ అదే నియమం. మనసు బాగాలేని మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోవాల్సిన విద్య ఇది. నోట్సు చదివి పరీక్ష రాస్తే రాదు. కాబట్టి ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. కానీ మన రాయలసీమలో, కళ్యాణదుర్గంలోనో ఆదోనిలోనో ఇల్లూ ఉద్యోగమూ చూసుకుంటూ ఎమ్మే సైకాలజీ చదవాలనుకునే ఆడవాళ్లకు అప్పటిదాకా అందుబాటులో ఉన్న దారి దూరవిద్య ఒక్కటే. అదెందుకు ఒక్కటే అయిందో తెలియాలంటే నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

1916లో కలకత్తా విశ్వవిద్యాలయం నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో దేశంలోనే మొదటి సైకాలజీ విభాగం తెరిచింది. అదే ఏడాది అనంతపురంలో దత్తమండలాల కాలేజీ మొదలైంది. మనం ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీ అంటున్నది దాన్నే. రెండూ ఒకే ఏట పుట్టినా దారులు వేరయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటికి సైకాలజీ అంటే తత్వశాస్త్రంలో ఒక భాగం, లేదా పంతుళ్ల శిక్షణలో ఒక పేపరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1912లో అచ్చువేసిన సైకాలజీ పుస్తకం కూడా ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవాళ్లకు చెప్పిన పాఠాల నుంచి వచ్చిందే.

పై చదువుల సంగతి ఇంకా ఆలస్యం. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి ఉండాలని రాసుకున్నారు. కానీ 1954లో సీమకు వచ్చిన శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ తిరుపతికి వెళ్లింది. అనంతపురానికి 1968లో దాని పీజీ సెంటర్ వచ్చింది, సొంత యూనివర్సిటీ కావడానికి 1981 దాకా పట్టింది. కడపలో యోగి వేమన 2006లో, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చాయి. చాలా కాలం పాటు మన పిల్లలు సైకాలజీ పీజీ చేయాలంటే తిరుపతి బస్సెక్కడమే. ఇప్పుడు కడపలో ఆ విభాగం ఉంది, అది చిన్న సంగతి కాదు.

ఈలోపు ఈ చదువు వేరే దారుల్లో మన ఊళ్లకు వచ్చింది. ఆడపిల్లల కాలేజీల్లో హోమ్ సైన్స్‌తో పాటు శిశు వికాసం వచ్చింది. పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషిని చదవాలన్న ఆలోచన బలపడ్డాక దానికి మానవ వికాసమని పేరు పెట్టారు. పేరు మారినా, హోమ్ సైన్స్ అంటే వంటా కుట్లూ అనుకునే చులకన పోలేదు.

రెండో దారి టీచర్ల పరీక్షలు. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు 30 శిశు వికాసం, బోధనా పద్ధతులకు (పెడగాజీ). కోచింగ్ సెంటర్లో కూర్చున్న ఎవరినైనా అడగండి, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే దశలు గడగడా అప్పజెప్తారు. పూర్వ ప్రచాలక దశ, రెండు నుంచి ఏడేళ్లు. నేనూ బిట్ల కోసమే బట్టీ పట్టాను. ఒకరోజు మా అక్క కూతురి ముందు రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోశాను. దానికి అప్పుడు ఐదేళ్లు. రెండూ ఒకటేనంది. దాని కళ్లముందే ఒక గ్లాసు నీళ్లు సన్నటి పొడుగు సీసాలోకి వంచాను. "దీంట్లోనే ఎక్కువుండాయి" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. పాత్ర మారినా నీళ్లు అంతే ఉంటాయని ఆ వయసుకు తట్టదు. ఆ దశ ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. ప్రాక్టికల్స్ లేని సైకాలజీలో పోయేది ఇదే.

మూడోది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 చోట్ల అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం ప్రారంభిస్తే, అందులో ఒకటి మన అనంతపురం జిల్లా కంబదూరు. ఆరేళ్లలోపు పిల్లల ఎదుగుదల మీద ప్రభుత్వం ఇంత పెద్ద పని మొదలుపెట్టిన తొలి చోట్లలో మన ఊరుంది. అయితే తూకం, గుడ్డు, పాలు రికార్డులోకి ఎక్కుతాయి. మూడేళ్లొచ్చినా మాటలు రాని పిల్లాణ్ని చూసి, ఇది ఆలస్యమా, చెవుడా, ఆటిజమా అని అనుమానించడానికి చదువుకున్న మనిషి కావాలి. అలాంటి మనిషి దొరక్క తల్లిదండ్రులు అప్పు చేసి బెంగళూరులో మానసిక, నరాల వైద్యానికి పేరున్న నిమ్‌హాన్స్‌కు బస్సెక్కుతారు.

దూరవిద్య తలుపు మూశారు సరే. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, పక్కనే డిగ్రీ కాలేజీలూ ఉన్నాయి. సైకాలజీ డిగ్రీ సీట్లు, లెక్చరర్ పోస్టులు ఆ డిగ్రీ కాలేజీల్లో పెట్టి, ప్రాక్టికల్స్‌కు విద్యార్థుల్ని ఆ మెడికల్ కాలేజీల ఆసుపత్రులకూ చుట్టుపక్కల అంగన్‌వాడీలకూ పంపాలి. సీటు కోసం కళ్యాణదుర్గం అమ్మాయి అనంతపురం దాకా, ఆదోని అమ్మాయి కర్నూలు దాకా వస్తే చాలు.