గ్రహశకలాన్ని పక్కకు నెట్టగలం, ముందే కనబడితే

2013 ఫిబ్రవరి 15. ఆ రోజు 2012 డీఏ14 అనే గ్రహశకలం భూమికి 27,700 కిలోమీటర్ల దూరంలోంచి వెళ్తుందని లెక్కగట్టి శాస్త్రవేత్తలంతా దానికోసం ఎదురుచూస్తున్నారు. ఈలోపు ఎవరూ కనిపెట్టని ఇంకో రాయి రష్యాలోని చెల్యాబిన్స్క్ ఊరిమీద పొద్దున్నే పేలింది. దాని సైజు దాదాపు 20 మీటర్లు. సూర్యుడి వైపు నుంచి రావడంతో ఏ టెలిస్కోప్‌కీ చిక్కలేదు. ఆ వెలుగేంటో చూద్దామని జనం కిటికీల దగ్గరికి వెళ్లారు. రెండు నిమిషాలు దాటాక పేలుడు ధాటికి అద్దాలు బద్దలయ్యాయి. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, చాలామంది గాజు పెంకులు తగిలే. ఒక టీచరమ్మ మాత్రం వెలుగు చూడగానే తన క్లాసు పిల్లల్ని బల్లల కిందికి దూరమంది. పిల్లలకి ఏమీ కాలేదు, ఆవిడ చేతికే గాయమైంది.

1908లో సైబీరియాలోని తుంగుస్కాలో ఇలాంటి పేలుడుకే సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల అడవి నేలకొరిగింది. అయినా ఇది మన కాలంలో జరగగల ప్రమాదమని ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1994లో. షూమేకర్-లెవీ 9 తోకచుక్క ముక్కలు గురుగ్రహాన్ని ఢీకొట్టి, భూమి అంత పెద్ద నల్లమచ్చలు వేశాయి. 1998లో, భూమి దగ్గరికి వచ్చే గ్రహశకలాల్లో కిలోమీటరు దాటిన వాటిని 90 శాతం వెతికిపట్టే పని నాసా చేపట్టింది. అది దాదాపు పూర్తయింది. 2005లో వచ్చిన అమెరికా చట్టం ఆ హద్దును 140 మీటర్లకు దించింది. ఆ సైజువి ఇంకా సగం కూడా దొరకలేదు. నాకు భయమేసేది ఇక్కడే.

రాయి దొరికితే ఏం చేయాలి? పేల్చేస్తే ముక్కలు మనమీదికే రావచ్చు. అదే పదేళ్ల ముందు దాని వేగం సెకనుకు ఒక్క సెంటీమీటరు మార్చినా చాలు, వేల కిలోమీటర్ల తేడా వస్తుంది. ఇది నిజంగా కుదురుతుందా అని చూడటానికే నాసా పంపిన డార్ట్ అనే వ్యోమనౌక వెళ్లింది. 2022 సెప్టెంబర్ 27న, మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 4.44కి, డైమార్ఫస్ అనే 160 మీటర్ల రాయిని సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో గుద్దింది. అది డిడిమస్ అనే పెద్ద రాయి చుట్టూ తిరిగే బుల్లి చందమామ, భూమికి దానివల్ల ముప్పేమీ లేదు. చివరి ఫొటోల్లో తెర నిండా కంకరరాళ్లు, ఆ తర్వాత సిగ్నల్ లేదు. డైమార్ఫస్ ఒక చుట్టు తిరిగే సమయం 73 సెకన్లు మారితే గెలిచినట్టే అనుకున్నారు. 11 గంటల 55 నిమిషాలు కాస్తా 11 గంటల 23 నిమిషాలయింది! గుద్దినప్పుడు వెనక్కి ఎగజిమ్మిన రాళ్లూ దుమ్మూ రాకెట్ పొగలా దాన్ని ఇంకా గట్టిగా నెట్టాయి. అక్కడ ఏం మిగిలిందో దగ్గర్నుంచి చూడటానికి యూరప్ 2024లో హెరా అనే వ్యోమనౌకను పంపింది.

2024 డిసెంబర్‌లో చిలీలోని టెలిస్కోప్‌కి 2024 వైఆర్4 అనే గ్రహశకలం కనబడింది. 2032లో భూమిని తాకే అవకాశం ఒక దశలో 3.1 శాతానికి చేరింది. పడే అవకాశమున్న దారిలో మన దేశమూ ఉంది. కొన్ని రోజులకే కొత్త లెక్కలతో ఆ టెన్షన్ తీరింది. అదే నిజమై ఉంటే చేతిలో ఉన్నది ఎనిమిదేళ్లలోపే. అందుకే గుద్దే యంత్రాలకంటే ముందు వెతికే కళ్లు కావాలి. నాసా ఇప్పుడు నియో సర్వేయర్ అనే, వేడిని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌ని అంతరిక్షంలోకి పంపేందుకు తయారుచేస్తోంది. నేలమీది టెలిస్కోపులకంటే అది సూర్యుడికి మరింత దగ్గరగా వెతకగలదు. చెల్యాబిన్స్క్ రాయి వచ్చింది ఆ వైపు నుంచే.