విశాఖలో పేదల ఇళ్లు: నేల ఎవరి పేర ఉండాలి?

విశాఖకు ఉత్తరాన కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండలు, తూర్పున సముద్రం. మధ్యలోని చదును నేలలో పోర్టు, నేవీ, షిప్‌యార్డు, రిఫైనరీ, విమానాశ్రయం పోను ఇళ్లకు మిగిలింది కొద్దే. 1933లో పోర్టు తెరిచిన దగ్గర్నుంచి పని కోసం వచ్చినవాళ్లు కొండవాలులోనో, గెడ్డ గట్టునో, రైలు పట్టాల పక్కనో పాక వేసుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర కుటుంబాల్లో దాదాపు 44 శాతం మురికివాడల్లో ఉన్నాయి. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో దేశం మొత్తం మీద ఇదే ఎక్కువ.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదంటే అన్యాయమే. 1978లో పట్టణాభివృద్ధి సంస్థ వుడా వచ్చి లేఅవుట్లు వేసింది. 1988 నుంచి బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మురికివాడల్లో రోడ్లు, కాలువలు, కుళాయిలు పడ్డాయి. 2005 తర్వాత కేంద్రం పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఇళ్లు, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) మొదలయ్యాక రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ టిడ్కో కట్టిన 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు వచ్చాయి. 2020 జనవరిలో జీవో 72తో శివారు మండలాల్లో ల్యాండ్ పూలింగ్ (భూమి ఇచ్చినవాళ్లకు బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇచ్చే పద్ధతి) మొదలుపెట్టి, కోర్టు కేసులు దాటి 2022 ఏప్రిల్‌లో సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పట్టాల పంపిణీ చేశారు. అప్పట్లో పట్టణ లబ్ధిదారుకు ఇచ్చింది ఒక సెంటు, అంటే 48.4 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, దానికి 1.80 లక్షల సాయం. అదే కుటుంబం రోజూ కూలికి వచ్చేది మాత్రం నగరంలోకే.

ఈ పథకాలన్నిటిలో ఒకటే లోపం. ప్రజల భూమి ఒక్కసారి చేతులు మారితే ఇక తిరిగి రాదు. మొదటి కుటుంబానికి మేలు జరుగుతుంది, దాని తర్వాత ఆ ఇంటికి వచ్చే కుటుంబం మార్కెట్ ధరే కట్టాలి. కొత్త పేదల కోసం సర్కారు మళ్లీ ఇంకో ఇరవై కిలోమీటర్ల అవతల భూమి వెతుక్కోవాలి.

దీన్ని ఆపాలనే 1977లో అసైన్డ్ భూముల, అంటే సర్కారు పేదలకు ఇచ్చిన భూముల, బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. ఇచ్చిన స్థలం అమ్మితే చెల్లదన్నారు. తర్వాతి సవరణలతో కొన్నేళ్లు గడిచాక అమ్ముకునే వీలు కల్పించారు. నిషేధం ఉన్నన్నాళ్లూ అమ్మకాలు ఆగలేదు, కాగితం మీదికి రాలేదంతే. కూతురి పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో డబ్బు కావాల్సి వస్తుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందం, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర. సర్కారు ఇచ్చిన అసలు పట్టా (డీ పట్టా) కొన్నవాడి చేతికి ఇచ్చేస్తారు. కరెంటు మీటరు, ఇంటి పన్ను పాత పేరు మీదే నడుస్తాయి. రిజిస్ట్రేషన్ లేదు గనక ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో ఈ అమ్మకం ఎక్కడా కనబడదు. పట్టాదారు చనిపోయాక వారసులు వచ్చి ఇల్లు మాదేనంటారు. అమ్మినవాడికి సరైన ధర రాదు, కొన్నవాడికి హక్కు రాదు. అమ్మకాన్ని పూర్తిగా నిషేధించడం కన్నా, న్యాయమైన ధరకు అర్హులకే అమ్మేలా దారి చూపడం మేలని ఈ యాభై ఏళ్ల అనుభవం చెబుతోంది.

ఆ దారి పేరే కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్. నేల శాశ్వతంగా ట్రస్టు పేర ఉంటుంది. దాని మీద ఇల్లు మాత్రమే కుటుంబానికి అమ్ముతారు, నేలను 99 ఏళ్ల లీజుకు ఇస్తారు. ఇది అమెరికా నుంచి దిగిన ఆలోచన అనుకుంటారు గానీ, దాని వేళ్లలో ఒకటి తెలుగు నేలలోనే ఉంది. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. అదే ముందుకు సాగి గ్రామదానమైంది. హక్కు గ్రామానిది, సాగు కుటుంబానిది. మన రాష్ట్రంలో దీనికి 1965లో చట్టం కూడా చేశారు. 1969లో అమెరికాలోని జార్జియాలో నల్లజాతి పౌరహక్కుల కార్యకర్తలు న్యూ కమ్యూనిటీస్ పేరుతో 5,700 ఎకరాలకు పైగా కొన్నప్పుడు, వాళ్ల ముందున్న నమూనాల్లో గ్రామదానం ఒకటి. 1984లో అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో నగరపాలక సంస్థ సాయంతో పట్నం ఇళ్ల కోసం ఇలాంటి ట్రస్టు పెట్టారు.

జార్జియా భూమి 1985లో పోయింది. కరువులొచ్చి అప్పులు తీరక, తాకట్టులో ఉన్న నేల వేలానికి వెళ్లింది. అందుకే ట్రస్టు డీడులో మొట్టమొదట రాయాల్సిన షరతు: నేలను ఏ అప్పుకూ తాకట్టు పెట్టరాదు. బ్యాంకుకు ఇంటిని, లీజు హక్కును మాత్రమే చూపాలి. వాయిదాలు కట్టలేని స్థితి వస్తే వేలానికి ముందు ట్రస్టుకు నోటీసు రావాలి, బాకీ తీర్చి ఇల్లు తీసుకునే తొలి హక్కు ట్రస్టుకు ఉండాలి. ఈ వాక్యాలు లీజులోనే లేకపోతే ఒక్క ఎగవేతతో ఇల్లు బయటివాళ్ల పాలవుతుంది.

లీజే ఎందుకు, అమ్మకం దస్తావేజులో షరతు రాసుకుంటే చాలదా? చాలదు. ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 10 ప్రకారం ఆస్తిని బదిలీ చేస్తూ మళ్లీ అమ్మకూడదని పూర్తిగా కట్టడి చేస్తే ఆ షరతు చెల్లదు. నేల యజమాని మేలు కోసం లీజులో పెట్టే షరతుకు మాత్రం మినహాయింపు ఉంది. లీజు ఏడాది దాటితే రిజిస్టరు చేయించడం తప్పనిసరి.

మళ్లీ అమ్మే ధర దగ్గర జాగ్రత్త కావాలి. బర్లింగ్టన్ సూత్రంలో అమ్మే యజమానికి పెరిగిన విలువలో 25 శాతం దక్కుతుంది. దాన్ని ఇక్కడ యథాతథంగా దించుకుంటే దెబ్బ తింటాం. మన వాల్యూయర్లు కట్టడానికి ఏటా తరుగుదల వేస్తారు, పెరిగేదంతా నేల విలువే. నేల ట్రస్టుది గనక పదేళ్ల తర్వాత ఇంటివాళ్లకు పెట్టిన డబ్బు కూడా తిరిగి రాకపోవచ్చు. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీకి ముడిపెట్టడం నయం. ఉదాహరణకు 60 గజాల స్థలం గజం 30 వేల చొప్పున 18 లక్షలు, 400 అడుగుల ఇల్లు 8 లక్షలు అనుకుందాం. కుటుంబం కట్టేది 26 కాదు, 8 లక్షలే. పదేళ్లలో సూచీ 60 శాతం పెరిగితే అమ్మకం ధర 12.8 లక్షలు. రశీదులున్న మార్పులకు విలువ కలుపుతారు, పాడుచేసినదానికి తగ్గిస్తారు. తర్వాత వచ్చే కుటుంబం కూడా నేల ధర మోయదు.

కాగితం లేకుండా నేల ఒకరిది, ఇల్లు ఒకరిది అయితే ఏమవుతుందో చూడాలంటే సింహాచలం పంచగ్రామాలకు వెళ్లాలి. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం పరిధిలో భూమి దేవస్థానానిదని రికార్డు, దశాబ్దాలుగా ఉంటున్నది వేల కుటుంబాలు. గడువు, అద్దె, వారసత్వం రాసుకున్న లీజు లేక ఇంటి ప్లానుకు అనుమతి, మరమ్మతు, బ్యాంకు రుణం అన్నీ చిక్కులే.

విశాఖలో ట్రస్టు కోసం స్థలం చూసేవాళ్లు ముందు పాత భూరికార్డు ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) తీయించాలి. అందులో గయాలు (సాగుదారు వదిలేసిన భూమి), పోరంబోకు, ఇనాం అని ఉంటే అక్కడే ఆగాలి. తర్వాత రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత భూముల జాబితా, కనీసం ముప్పై ఏళ్ల ఈసీ, పొలం కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ)తో సర్వే, మాస్టర్ ప్లాన్ జోన్, తీరానికి దగ్గరైతే తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలు చూడాలి. అసైన్డ్ భూమిని దానంగా ఇస్తామన్నా తీసుకోకూడదు.

సంస్థ రూపం కూడా ముఖ్యమే. 1995 పరస్పర సహాయక సహకార సంఘాల (మాక్స్) చట్టం కింద సహకార సంఘం పెట్టడం తేలిక, కానీ సభ్యులు మెజారిటీతో బైలా మార్చి ప్లాట్లు పంచేసుకోవచ్చు. భూమిని పబ్లిక్ చారిటబుల్ ట్రస్టు పేర గానీ లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ పేర గానీ ఉంచి, ఇళ్ల నిర్వహణ మాత్రం నివాసుల సంఘానికి అప్పగిస్తే రెండూ ఒకదానికొకటి కాపలా కాస్తాయి. బోర్డులో మూడో వంతు అక్కడ ఉండేవాళ్లు, మూడో వంతు చుట్టుపక్కల వార్డు జనం, మిగతావాళ్లు న్యాయ, ఇంజినీరింగ్, లెక్కలు తెలిసినవాళ్లు ఉండటం ఇలాంటి ట్రస్టుల్లో అలవాటైన పద్ధతి.

నేల అద్దె పేరుకే ఉన్నా ప్రతి నెలా వసూలు చేయాలి, దాన్ని మరమ్మతుల నిధిలో వేయాలి. ఈ తీరంలో ఉప్పుగాలికి శ్లాబు కింద కాంక్రీటు కవరింగు తక్కువైతే కొన్నేళ్లకే ఇనుప ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి. నిధి లేని చోట ఆ ఖర్చుకు భయపడి ఇల్లు వచ్చిన ధరకు వదిలించుకుంటారు. అలా వదిలించుకునే రోజున కొనడానికి ట్రస్టు దగ్గర కనీసం రెండు ఇళ్లకు సరిపడా నగదు ఉండాలి.